గ్లోబు పేజీని సరిదిద్దండి: మన విజ్ఞాన సర్వస్వం నిర్వాహకులకు ఒక సోషల్ టీచర్ బహిరంగ లేఖ

మన తెలుగు ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వం నిర్వాహకులకు, అందులో రాసే సభ్యులకు, చదివే అందరికీ,

నమస్కారం. పైసా తీసుకోకుండా, సొంత పనులు మానుకుని తెలుగులో ఇన్ని వ్యాసాలు నిలబెట్టారు. మీ మీద నాకు గౌరవం ఉంది. ఆ గౌరవంతోనే ఏడు నెలలు ఆగాను. చర్చా పేజీలో మూడుసార్లు రాశాను, ఇద్దరు నిర్వాహకులకు విడిగా సందేశాలు పెట్టాను, ఒక్కదానికీ జవాబు రాలేదు. నేను చేసిన దిద్దుబాట్లను మాత్రం రెండుసార్లు, అందులో ఒకసారి అరగంట కూడా గడవకముందే, "సరైన మార్పు కాదు" అన్న మూడు ముక్కలతో వెనక్కి తిప్పేశారు. ఎందుకు సరైనది కాదో చెప్పలేదు. అందుకే ఇప్పుడు నలుగురిలో రాస్తున్నాను.

నేను చీరాల దగ్గర ఒక హైస్కూల్లో సోషల్ చెప్తాను. పునరుజ్జీవన కాలపు తొలి గ్లోబుల మీద ఉన్న మీ వ్యాసం గురించే ఈ లేఖంతా. ఇంత చిన్న పేజీకి ఇంత గొడవా అనిపించవచ్చు. నాకెందుకు ఇది చిన్న విషయంగా అనిపించలేదో ముందు చెప్తాను.

కిందటేడు మండల స్థాయి ప్రదర్శనకి తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె, ఇప్పటిదాకా మిగిలి ఉన్న గ్లోబుల్లో అతి పాతదైన బేహైమ్ గ్లోబుకి నమూనా చేస్తానంది. వాళ్ల నాన్న చేపల వేటకి వెళ్తాడు, ఇంట్లో ఉన్నది ఒకే ఫోను. ఆ ఫోన్లో మీ పేజీ తెరిచి, కావలసినవన్నీ నోట్సులో రాసుకుంది. మీ పేజీలో ఆ గ్లోబు వ్యాసం 51 అంగుళాలు అని ఉంది. పాపం ఆ పిల్ల వెదురు బద్దలు వంచి, పాత పేపర్లు మైదా జిగురుతో అతికించి, మూడు వారాలు కష్టపడి అంత గోళమూ చేసింది. తీరా తీసుకెళ్లే రోజు అది క్లాసు రూము తలుపులోంచి బయటికి రాలేదు. బద్దలు కోసి, సగం చెడగొట్టి, ఆటోలో వేసుకుని వెళ్లాం. అక్కడ న్యాయనిర్ణేతగా వచ్చిన సారు ఒకే మాట అడిగారు: "అసలుది 51 సెంటీమీటర్లే కదమ్మా, నువ్వెందుకు ఇంత చేశావు?" ఆ పిల్ల నా వైపు చూసి, "మేడమ్, చూసే కదా రాశాను" అంది. నా దగ్గర జవాబు లేదు. తప్పు నాది కూడా, నేనూ ముందే సరిచూడలేదు, అది ఒప్పుకుంటాను. కానీ ఇంగ్లీషు అంతంత మాత్రంగా వచ్చిన పిల్లకి తెలుగులో ఆ విషయం మీద దొరికింది మీ పేజీ ఒక్కటే. మరోచోట సరిచూసుకునే దారి ఆ పిల్లకి ఏముంది?

ఇక పేజీలో ఉన్న తప్పులు వరసగా రాస్తున్నాను.

1. కొలత. బేహైమ్ గ్లోబు వ్యాసం సుమారు 51 సెంటీమీటర్లు. అంగుళాలు కాదు. అంటే సుమారు ఇరవై అంగుళాలు, ఒక మనిషి రెండు చేతులతో పట్టుకోగలిగినంత. నేను మొట్టమొదట మార్చింది ఈ ఒక్క మాటే. దాన్నీ వెనక్కి తిప్పారు.

2. "ప్రపంచంలోనే మొదటి గ్లోబు" అన్న మొదటి వాక్యం. ఇది మొదటిది కాదు, మిగిలినవాటిలో పాతది. ఈ రెండిటికీ చాలా తేడా ఉంది. క్రీ.పూ. 2వ శతాబ్దంలోనే గ్రీకు పండితుడు క్రేటిస్ భూగోళం నమూనా చేశాడని పాత రచనలు చెప్తున్నాయి. 1267లో జమాలుద్దీన్ అనే పారశీక ఖగోళ పండితుడు కుబ్లయ్ ఖాన్ కొలువులో ఒక భూగోళం పెట్టాడని చైనా చరిత్రలో నమోదై ఉంది. అవి మనదాకా రాలేదు. జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో మార్టిన్ బేహైమ్ పర్యవేక్షణలో 1490 నుంచి 1492 మధ్య తయారైన గ్లోబు మాత్రం ఇంకా ఉంది, అదే ఊళ్లో జర్మానిక్ నేషనల్ మ్యూజియంలో ఉంది, 2023లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలోకి కూడా ఎక్కింది. మీ పేజీలో ఈ మ్యూజియం పేరే లేదు. నారబట్ట పొరలు జిగురుతో అతికించి రెండు సగాలుగా గోళం చేసి, లోపల చెక్క ఆనిక పెట్టి, పైన కాగితం అంటించి, దాని మీద గేయార్గ్ గ్లోకెన్‌డాన్ అనే చిత్రకారుడు పటం గీశాడన్న సంగతీ లేదు. మా అమ్మాయి వెదురుతో, పాత పేపర్లతో చేసింది దాదాపు ఆ పద్ధతే. అది పేజీలో ఉండి ఉంటే ఆ సారుకి చెప్పుకోడానికి ఆ పిల్లకి ఒక మాటైనా ఉండేది.

అదే వాక్యం కింద "ఈ గ్లోబుతోనే భూమి గుండ్రంగా ఉందని తెలిసింది" అని ఉంది. దయచేసి దీన్ని ఈరోజే తీసేయండి. భూమి గుండ్రంగా ఉంటుందని గ్రీకులకి తెలుసు. కదంబ పుష్పం చుట్టూ కేసరాలున్నట్టు భూగోళం చుట్టూ ప్రాణులున్నాయని 499 నాటికే ఆర్యభటుడు రాశాడు. అది మా పిల్లలకి ఏడో తరగతి నుంచే చెప్తాం. ఇంట్లో మీ పేజీ చదివి వచ్చి, టీచర్ చెప్పింది తప్పు అని వాదించిన పిల్లలున్నారు. వాదించడం మంచిదే, నేనే ప్రోత్సహిస్తాను, కానీ వాళ్ల చేతికి మనం ఇచ్చిన ఆధారం తప్పుదైతే ఎలా?

3. "కొలంబస్ కనుగొన్న అమెరికాను మొదటిసారి చూపిన గ్లోబు" అన్న వాక్యం. బేహైమ్ గ్లోబులో అమెరికా లేదు. ఉండే వీలే లేదు. కొలంబస్ బయల్దేరింది 1492 ఆగస్టు 3న, తిరిగి యూరప్ చేరింది 1493 మార్చిలో. ఆ గ్లోబు గొప్పతనమంతా అక్కడే ఉంది, అమెరికా సంగతి తెలియక ముందు యూరప్ ప్రపంచాన్ని ఎలా ఊహించుకుందో దాని మీద కనిపిస్తుంది. యూరప్‌కీ ఆసియాకీ మధ్య ఒకే సముద్రం, అది కూడా ఉన్నదానికంటే బాగా ఇరుకు. అమెరికా ఉండాల్సిన వైపున సిపాంగు, అంటే జపాన్. పడమటికి వెళ్తే ఆసియా దగ్గరే అని కొలంబస్ ఎందుకు నమ్మాడో పాఠంలో గంటసేపు చెప్పినా అర్థం కానిది ఈ గ్లోబు బొమ్మ చూపిస్తే రెండు నిమిషాల్లో అర్థమవుతుంది. మీ పేజీలోని ఒక్క తప్పు వాక్యం ఆ వీలు లేకుండా చేసింది.

గ్రూప్స్ పరీక్షలకి చదివేవాళ్లు కూడా ఆ పేజీలోంచే ఒక మార్కు ప్రశ్నలు రాసుకుంటున్నారు. మా ఊళ్లో జిరాక్స్ షాపులో అమ్మే నోట్సులో ఆ వాక్యం మక్కికి మక్కి కనిపించింది. అది చూశాకే నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది.

4. బంగాళాదుంప. ఉపశీర్షికలో "భూమి బంగాళాదుంప" అని ఉంది. యంత్రం అనువదించి ఉంటుంది, ఎవరూ చదవకుండా పెట్టేసి ఉంటారు. ఆ గ్లోబుని జర్మన్‌లో ఎర్డాప్ఫెల్ అంటారు, అంటే భూమి ఆపిల్. ఈనాడు ఆస్ట్రియా వైపు ఆ మాటకి బంగాళాదుంప అని అర్థం ఉన్న మాట నిజమే. కానీ బంగాళాదుంప దక్షిణ అమెరికా పంట, 1492 నాటికి యూరప్ గడ్డ మీదికి రానేలేదు. దీని వల్ల ఎవరికి ఏం నష్టం అంటారేమో. పిల్లలు నవ్వుకుని పేజీ మూసేస్తున్నారు, నష్టం అది. "తెలుగులో ఇంతే మేడమ్, ఇంగ్లీషులో చూడాలి" అని ఒక అబ్బాయి అన్నాడు. ఆ మాట నన్ను ఎంత బాధపెట్టిందో ఇక్కడ రాయలేను.

5. నిప్పుకోడి గుడ్డు. పేజీలో అన్నిటికంటే నన్ను ఇబ్బంది పెట్టిన భాగం ఇదే, కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను. "అమెరికాను చూపిన తొలి గ్లోబును 1504లో లియొనార్డో డావిన్చి నిప్పుకోడి గుడ్డు మీద చెక్కాడు" అని తేల్చేసి రాశారు. దాని పక్కన "అంటారు", "ఒకరి వాదన" లాంటి మాటే లేదు.

జరిగింది ఇది. 2012లో లండన్‌లో జరిగిన పటాల సంతలో ఒక చిన్న గ్లోబు బయటపడింది. రెండు నిప్పుకోడి గుడ్ల కింది సగాలు కలిపి చేసినది. ఒక పరిశోధకుడు దాన్ని పరిశీలించి, ఇది 1504 నాటిదని 2013లో వాషింగ్టన్ మ్యాప్ సొసైటీ పత్రికలో వ్యాసం ప్రచురించారు. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో హంట్-లెనాక్స్ గ్లోబు అని ఒక చిన్న రాగి గ్లోబు ఉంది, సుమారు 1510 నాటిది, వ్యాసం 11 సెంటీమీటర్ల పైచిలుకు, అంటే ఒక పెద్ద బత్తాయంత. ఆ రాగి గ్లోబు ఈ గుడ్డు గ్లోబు అచ్చులోంచే వచ్చిందని ఆయన వాదన. తర్వాత లియొనార్డో పేరు కూడా దీనికి జోడించారు. ఆ తేదీనీ, ఆ పేరునీ నిపుణులందరూ ఒప్పుకోలేదు. వాదన వాదనగా ఉండటంలో తప్పేమీ లేదు, చదివేవాడికి అది కూడా ఆసక్తిగానే ఉంటుంది. ఎవరు అన్నారు, ఎప్పుడు, దేని ఆధారంగా, ఎవరు కాదన్నారు అని నాలుగు వాక్యాల్లో రాస్తే సరిపోతుంది. మీరు ఆ నాలుగు వాక్యాల బదులు ఒక తీర్పు రాశారు.

ఒక పోలిక చెప్తాను. 1507లో ఇప్పటి ఫ్రాన్స్‌లో ఉన్న సాన్ దియే అనే ఊళ్లో జర్మన్ పటాల తయారీదారు మార్టిన్ వాల్డ్‌జేముల్లర్ బృందం ఒక గ్లోబు పటం అచ్చు వేసింది. బత్తాయి తొనల్లా ఉండే 12 ముక్కలు, కత్తిరించి బంతికి అంటిస్తే గ్లోబు అవుతుంది. అమెరికా అన్న పేరు మొదట కనిపించింది ఆ ఏడాది ఆయన వేసిన పటాల్లోనే. దాని ప్రతులు చాలా కొద్దిగా మిగిలాయి. 2017లో లండన్‌లో ఒక ప్రతిని వేలానికి పెట్టబోయి, అది అసలుదేనా అని నిపుణులకి అనుమానం రాగానే వేలం ఆపేశారు. లక్షల డాలర్ల వ్యాపారం చేసేవాళ్లే అనుమానం వచ్చిన చోట ఆగారు. డబ్బుతో పనిలేని మనం ఇంకా ముందే ఆగాలి కదా.

ఇదే భాగంలో "పాత పటాలన్నిటి మీదా ఇక్కడ డ్రాగన్లున్నాయి అని రాసేవారు" అని ఉంది. అన్నిటి మీదా కాదు. ఆ అర్థం వచ్చే లాటిన్ మాట తెలిసినంతలో ఉన్నది ఆ లెనాక్స్ గ్లోబు మీద, ఆసియా తూర్పు తీరం దగ్గర, మళ్లీ ఈ గుడ్డు మీద. అసలు అది డ్రాగన్ల గురించి కాకపోవచ్చు, సుమత్రాలో దగ్రోయన్ అనే రాజ్యం గురించి మార్కోపోలో రాసినదాని నుంచి వచ్చి ఉండొచ్చు అని 19వ శతాబ్దంలోనే ఒక సూచన ఉంది. ఇలాంటివి కదా పిల్లలకి కావాలి!

6. లేనివి. పోలండ్‌లోని క్రాకో నగరంలో యగెల్లోనియన్ విశ్వవిద్యాలయం వాళ్ల దగ్గర సుమారు 1510 నాటి చిన్న గ్లోబు ఉంది, ఏడు సెంటీమీటర్ల చిల్లర వ్యాసం, ఒక గడియారంలో భాగం. దాని మీద మన ఇండియాకి దక్షిణాన, హిందూ మహాసముద్రంలో ఒక పెద్ద భూభాగం గీసి "కొత్తగా కనుగొన్న అమెరికా" అని రాశారు. మనకి కింద, సముద్రంలో, అమెరికా! ఈ సంగతి చెప్పిన రోజు క్లాసులో ఒక్కళ్లు కూడా గంట కొట్టినా లేవలేదు. మీ పేజీలో దీని గురించి ఒక్క ముక్క లేదు. జర్మన్ పండితుడు యోహాన్నెస్ షోనర్ చేసిన గ్లోబుల గురించీ లేదు. మెజెల్లన్ 1520లో జలసంధి దాటకముందే, 1515లో షోనర్ చేసిన గ్లోబులో దక్షిణ అమెరికా కింద ఒక జలసంధి కనిపిస్తుంది.

మన సంగతి కూడా అందులో ఉంది. బేహైమ్ తన గ్లోబుకి ఆధారాలుగా చెప్పుకున్నవాటిలో ప్రాచీన గ్రీకు పండితుడు టాలెమీ రాసిన భూగోళ శాస్త్రం, మార్కోపోలో యాత్రా గ్రంథం ఉన్నాయి. టాలెమీని నమ్మడం వల్ల ఇండియా ద్వీపకల్పం కుంచించుకుపోయి, శ్రీలంక తప్రోబేన్ పేరుతో పెద్ద ద్వీపంగా వచ్చింది. మార్కోపోలోని కూడా నమ్మడం వల్ల అదే శ్రీలంక సైలాన్ పేరుతో మళ్లీ ఇంకోచోట వచ్చింది. ఆ మార్కోపోలో ముత్ఫిలి అని రాసిన రాజ్యం మన మోటుపల్లి వైపుదే, ఆయన పొగిడిన రాణి రుద్రమదేవేనని చరిత్రకారులు ఎక్కువమంది అంటారు. సాలెగూడు దారాల్లాంటి సన్నని బట్టలు అక్కడ నేస్తారని రాశాడు. మా స్కూల్లో చేనేత కుటుంబాల పిల్లలు బోలెడుమంది ఉన్నారు. మోటుపల్లి మాకు బస్సులో వెళ్లి వచ్చేంత దూరం, సముద్ర వ్యాపారులకి అభయమిస్తూ గణపతిదేవుడు 1244లో వేయించిన శాసనం అక్కడిదే. తెలుగులో రాసే వ్యాసానికి ఇంతకంటే మంచి మొదలు ఎక్కడ దొరుకుతుంది? నేను రెండోసారి చేర్చిన పేరా ఇదే, పుస్తకాల పేర్లు, పేజీ నంబర్లతో సహా. అది కూడా పోయింది.

ఇవీ తప్పులు. ఇప్పుడు నేను అడిగేవి చెప్తాను.

మొదటిది, కొలత, అమెరికా, బంగాళాదుంప, ఈ మూడూ వెంటనే మార్చండి. వీటి మీద చర్చ అక్కర్లేదు, మ్యూజియం వాళ్ల సమాచారం చూస్తే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

రెండోది, గుడ్డు గ్లోబు భాగాన్ని వాదనగా తిరగరాయండి. అది తేలేదాకా ఆ భాగం పైన "ఈ విషయం వివాదంలో ఉంది" అని ఒక పట్టీ పెట్టండి.

మూడోది, ఇది అన్నిటికంటే ముఖ్యం. యంత్రం అనువదించిన పేజీని మనిషి ఒకసారి చదివేదాకా అందరికీ కనపడేలా పెట్టకండి. వ్యాసాల సంఖ్య పెరగాలన్న ఆత్రం నాకు అర్థమవుతుంది, వేరే భాషల పక్కన మన సంఖ్య చూసి నేనూ సంతోషించినదాన్నే. కానీ ఇప్పుడు ఫోన్లో గొంతుతో ప్రశ్న అడిగితే జవాబు చెప్పే యంత్రాలు కూడా ఇలాంటి పేజీల నుంచే తెలుగు నేర్చుకుంటున్నాయి. మనం ఒక చోట వదిలేసిన తప్పు రేపు పది చోట్ల నుంచి తిరిగి వస్తుంది, అప్పుడు దానికి మూలం ఏదో కూడా ఎవరికీ దొరకదు.

నాలుగోది, పేర్లు. ఒకే మనిషి మీ పేజీలో బెహైమ్, బేహెం, బెహిమ్ అని మూడు రకాలుగా ఉన్నాడు. ఏదో ఒకటి చర్చించి ఖాయం చేయండి, మిగతావాటితో వెతికినా అదే పేజీకి వచ్చేలా దారి మళ్లింపు పెట్టండి. అలాగే బొమ్మల కింద రాతలు చూడండి. 1908 నాటి ప్రతిరూపం బొమ్మ పెట్టి "అసలు గ్లోబు" అని రాశారు. అసలుది పాతబడి నల్లబడింది, పాత మరమ్మతుల్లో దాని మీది రాతలు కొన్ని మారిపోయాయి కూడా. ఏది అసలు, ఏది నకలు అన్నది చెప్పాలి.

చివరగా, కొత్తవాళ్లు చేసిన మార్పుని తిప్పేసేటప్పుడు కారణం ఒక పూర్తి వాక్యంలో రాయండి. చర్చా పేజీలో ప్రశ్నకి పదిహేను రోజుల్లో ఎవరో ఒకరు పలకండి, కాదనడానికైనా సరే. నాకు తెలిసిన టీచర్లు ముగ్గురు ఇలాగే ఒకటి రెండు మార్పులు చేసి, జవాబు లేక, ఇక మనకెందుకని మానేశారు. ఒకాయన మా జిల్లా గుళ్ల మీద శాసనాలు ముప్పై ఏళ్లుగా చదువుతున్న మనిషి. ఆయన మళ్లీ రమ్మంటే రానంటున్నారు.

నేను ఊరికే అడగటం లేదు. ఈ ఆరు అంశాల మీదా మూలాలతో సహా పూర్తి వ్యాసం రాసి నా దగ్గర సిద్ధంగా పెట్టుకున్నాను. మీలో ఎవరైనా నాతో కూర్చుని చూస్తానంటే దసరా సెలవులు మొత్తం ఇస్తాను. తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాను.

ప్రదర్శన మళ్లీ డిసెంబర్లో ఉంది. ఆ అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. ఈసారి 51 సెంటీమీటర్లతో మళ్లీ చేస్తానంటోంది, ఇండియా వైపు భాగంలో పేర్లు తనే తెలుగులో రాస్తుందట. మీ జవాబు నాకు విడిగా పంపకండి, ఆ చర్చా పేజీలోనే రాయండి. రోజూ సాయంత్రం వాళ్ల నాన్న ఇంటికి రాగానే ఫోను తీసుకుని ఆ పేజీ తెరిచి చూస్తోంది.

ఇట్లు,
ఒక సోషల్ టీచర్,
బాపట్ల జిల్లా